జోలపాటలు వినే దయ్యాల రైటరు

కొమురవెల్లి మల్లన్న బండారి కుడి అరచేతిలో పోసుకొని, ఎడమచేతి ఒక్క వేలితో ఇది టైపు చేస్తున్నాను. దేవుని పసుపు పట్టుకొని అబద్ధమాడినవాడు బాగుపడ్డట్టు మా వైపు ఎవరూ చెప్పగా వినలేదు. కాబట్టి ఈ బండారి నా చేతిలో ఉన్నంతసేపు రాసే ప్రతి మాటా నిజమని ప్రమాణం చేస్తున్నాను. నన్నెరిగినవాళ్లు ఈ ప్రమాణం ఎందుకని అడగరు. ఎరగనివాళ్లకు ఒక్క ముక్క: చిన్నప్పుడు నన్ను ఉప్పు ప్యాకెట్ కోసం దుకాణానికి పంపితే, ఉప్పుతో పాటు ఒక కథ కూడా పట్టుకొచ్చేవాణ్ని. కొన్నిసార్లు కథ ఒక్కటే వచ్చేది.

లాక్‌డౌన్లు ముగిసిన ఏడాది వానాకాలంలో, హైదరాబాదులోని ఒక ఆడియో కథల కంపెనీ నన్ను 'లీడ్ రైటర్, హారర్' అనే హోదాలో తీసుకుంది. పనిచేసే చోటు సిద్దిపేట అని నియామకపు ఉత్తర్వులోనే రాసిచ్చారు. అంతకుముందు పత్రికా విలేకరిగా బెజ్జంకి, దౌల్తాబాద్ మండలాలు మోటారు సైకిల్ మీద తిరిగినవాణ్ని. ఇంట్లో కూర్చొని, నెల తిరిగేసరికి జీతం వచ్చే కొలువు దొరకడం నాకే కథలాగా అనిపించింది. యాభై నిండకముందే అందులోంచి రిటైరయ్యాను. దయ్యాలు రాసేవాళ్లు ఏ వయసులో దిగిపోవాలో ఏ సర్కారూ జీవో తీయలేదు గనుక, ఆ సంగతి నేనే తేల్చుకున్నాను. ఈ పని ఎలా సాగుతుందని చాలామంది అడుగుతుంటారు. ఆ ఉద్యోగం ఊడబోయి నిలబడిన సందర్భం ఒకటి చెబితే పని కూడా అర్థమవుతుంది.

మాది ఫోనులో వినే సీరియల్. ఒక్కో భాగం తీరిగ్గా అన్నం తినేంత సేపు ఉంటుంది. భాగం పూర్తయ్యేసరికి వినేవాళ్ల వేలు దానంతట అదే తర్వాతి భాగం మీదికి పోవాలి. అలా పోనిచ్చే చివరి మాటను 'హుక్' అంటారు. కింది మెట్టు మీద రైటర్లుంటారు. వాళ్ల కాగితాలు సరిచేసి, ముఖ్యమైన భాగాలు తానే రాసుకునేవాడు లీడ్ రైటర్. ఆ పైన షో హెడ్. సీరియల్ బతకాలా, ఆగిపోవాలా అన్నది అక్కడ తేలుతుంది. వినేవాళ్లు ఏ నిమిషంలో చెవిలోంచి ఇయర్‌ఫోన్ పీకేశారో చూపించే గీత ఒకటి ప్రతి సోమవారం మాకు వచ్చేది. గుండె జబ్బు మనిషి ఈసీజీ చూసుకున్నట్టు చూసుకునేవాళ్లం.

రాసినదానికి చప్పుడు కట్టేది యూసుఫ్ భాయ్. హోదా సౌండ్ ఇంజనీర్. మెడ విరిగిన శబ్దం కోసం ముల్లంగి విరిచేవాడు, తడి నేల మీద నడక కోసం నానబెట్టిన గోనెసంచి మీద చేతులతో నడిచేవాడు. రికార్డింగ్ అయ్యాక ఆ ముల్లంగి ఇంటికి పట్టుకుపోయి కూర చేయించుకునేవాడు. అతని వంటింట్లో ఉడికినన్ని మెడలు మరెక్కడా ఉడికి ఉండవు.

మొదటి సీజన్ పూర్తిగా నా సొంత భయాలతో రాశాను. మల్లన్నసాగర్ జలాశయం నీళ్ల కింద పోయిన ఊళ్లలాంటి ఒక ఊరు. ఆ ఊరి దయ్యం పోశవ్వ అనే ముసలమ్మ. ఆమె ఎవరి పీకా పిసకదు. మిట్టమధ్యాహ్నం కట్ట మీద నిలబడి, దారినపోయేవాళ్లను ఆపి, "బిడ్డా, మా ఇంటి కడప ఏడున్నదో జెర చూపిస్తవా?" అని అడుగుతుంది. అంతే. నీళ్ల కింది ఆ గడప వైపు చెయ్యి చూపినవాడు ఆ రోజు ఇల్లు చేరడు. నా దయ్యాలన్నీ ఇలా పగటి దయ్యాలే. రాత్రి గురించి రాయాలంటే ముందు రాత్రి గురించి ఆలోచించాలి. నాకంత ధైర్యం లేదు. ఆ సీజన్ బాగా నడిచింది. సోమవారపు గీత చివరిదాకా పెద్దగా కిందికి వంగలేదు.

ఆ తర్వాత కీర్తన అనే అమ్మాయి షో హెడ్‌గా వచ్చింది. వయసులో నాకంటే చాలా చిన్నది, హోదాలో పైన. నేను మేడం అనేవాణ్ని, ఆమె సర్ అనేది. మర్యాద అట్లా సమంగా ఉండేది. సీరియల్ వినేవాళ్లు రైటరు గురించి తెలుసుకోవాలనుకుంటున్నారని, మీ అభిరుచులు చెబితే యాప్‌లో పెడతామని ఫోన్ చేసింది. ఇష్టమైన సంగీతం, పుస్తకాలు, సినిమాలు.

ఉన్నదున్నట్టు చెప్పాను. సంగీతంలో జోలపాటలు. పాత సినిమాల్లో తల్లులు పాడినవి, అవ్వ అని పిలిచే మా అమ్మ పాడగా విన్నవి, ఎక్కడ దొరికినా పోగేసుకుంటాను. జోలపాట వినిపిస్తోందంటే పక్కన మనిషి కూర్చొని ఉన్నట్టే కదా. పుస్తకాల్లో వంటల పుస్తకాలు, పిల్లల కథలు. వంటల పుస్తకంలో ఎవరూ చావరు, మహా అయితే పోపు మాడుతుంది. మిగతా పుస్తకాలైతే చివరి పేజీ ముందు చదివి, అందరూ క్షేమమని తేల్చుకున్నాకే మొదటి పేజీ తెరుస్తాను. సినిమాల్లో హాస్యం. అందులోనూ తలుపులు ఎక్కువున్నవి. ఒకడు ఈ తలుపులోంచి వస్తుంటే ఇంకొకడు ఆ తలుపులోంచి పోయేవి ఎన్నిసార్లయినా చూస్తాను.

అవతల రాసుకుంటున్న పెన్ను చప్పుడు ఆగిపోయింది.

"సర్, హారర్ సినిమాలు?"

"ఒక్కటే చూసిన మేడం. చూసిన అంటే, విన్న."

"విన్నారా?"

"కండ్లు మూసుకున్న గద మేడం. చెవులు మూసుకునుడు యాది లేకపాయె."

నిజానికి నా విద్యంతా ఆ ఒక్క సినిమాలోనే వచ్చింది. కళ్లు మూసుకొని కూర్చున్నందువల్ల ఏ చప్పుడు తర్వాత హాలంతా కేక వేస్తుందో, ఏ చప్పుడు ఆగిపోతే జనం ఊపిరి బిగబడతారో మొత్తం చెవికెక్కింది. కేకలకంటే ముందు ప్రతిసారీ ఏదో ఒకటి ఆగిపోతుందని ఆ రోజే గమనించాను. ఆడియోలో చూపించడానికి ఏమీ ఉండదు గనుక, కళ్లు మూసుకున్నవాడికే ఆ ఉద్యోగం సరిపోయింది.

కీర్తనకు మాత్రం ఇదంతా ఆపద లాగా కనిపించింది. "సర్, ఇది బయటికెళ్తే మన పని అయిపోయినట్టే" అంది. తనే నాకు కొత్త అభిరుచులు తయారుచేసింది. ఒంటరి వయొలిన్. దిండంత లావు విదేశీ నవలలు. కొన్ని దేశాల్లో ఆడనివ్వని సినిమాలు. కనకయ్య అనే నా పేరు తీసేసి 'భైరవ్' అని పెట్టింది. నల్ల కుర్తా తొడిగించి, గడ్డం కింది నుంచి లైటు కొట్టి ఫోటో తీయించింది. ఆ ఫోటో చూసి మా అవ్వ, ఈ పిల్లగానికి పసిరికలు అయినయా, కండ్లు పచ్చగున్నయి అని అడిగింది.

ఆమెను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. పెట్టిన అభిరుచులు నిజం కావాలని ఆమె నిజాయితీగా ప్రయత్నించింది. ఆ సంగీతం, ఆ నవలలు, ఆ సినిమాలు అన్నీ నాకు పంపించింది. నేనూ ప్రయత్నించాను. వయొలిన్ పెడితే, వంటింట్లోంచి మా ఆవిడ అరుణ, "తలుపు బందులకు జెర నూనె పొయ్యరాదయ్యా, గంటసేపటి సంది కిర్రుమంటున్నది" అని కేకేసింది. నవల చివరి పేజీ చూశాను. ఒక్కరూ మిగల్లేదు. మూసేశాను. సినిమాను దుప్పటి కప్పుకొని విన్నాను, అదీ పగలే.

వాటి ఛాయలో రెండో సీజన్ రాశాను. పెద్ద బంగ్లా, కొవ్వొత్తులు, దానంతట అదే మోగే పియానో. కాగితాలు అందగానే యూసుఫ్ భాయ్ ఫోన్ చేశాడు.

"కనకయ్య భాయ్, గీ పియానో సిద్దిపేటల ఎవరింట్ల ఉన్నది? జర పతా చెప్పు, పోయి రికార్డ్ చేసుకొస్త."

సోమవారపు గీత మొదటి నిమిషాల్లోనే బావిలో పడ్డట్టు పడింది. వారం వారం అదే కథ. చివరికి కీర్తన పైవాళ్ల నిర్ణయం చెప్పింది. గీత లేవకపోతే ఈ సీజన్‌తో సీరియల్ ఆపేస్తారు, జట్టును చెదరగొడతారు. యూసుఫ్ భాయ్‌ని ఇంకో సీరియల్‌లో వేసుకుంటారు. నాకు మాత్రం సిద్దిపేటలో కూర్చొని చేసుకునే కొలువు మళ్లీ దొరకదు. ఆఖరి ప్రయత్నంగా ఆమె ఒకటి ఆలోచించింది. జనం ముందు రైటరుతో ముఖాముఖి పెట్టి, దాన్నే ఒక ప్రత్యేక భాగంగా యాప్‌లో వదలాలి. సొంతూరైతే ఆదరణ బాగుంటుంది కాబట్టి సిద్దిపేటలో.

మారుపేరుతో బతికేవాణ్ని తీసుకుపోయి సొంతూళ్లో వేదికెక్కించడం మా రంగంలో మాత్రమే జరిగే పొరపాటు. నేను చెప్పబోయాను. అప్పటికే ఫంక్షన్ హాలు మాట్లాడేశారు.

వచ్చి కూర్చోమని అరుణను అడిగాను. "నేను రాను. నువ్వు గా నల్లంగేసుకొని మొకం గట్ల పెట్టుకొని కూసుంటే నాకు నవ్వాగదు. నీ నౌకరి పోతది" అంది.

ఇక్కడిదాకా రాసేసరికి ఆ అరుణే చాయ్ తెచ్చిపెట్టింది. ఎడమచేత్తో పట్టుకుంటే కంప్యూటర్ మీద ఒలకడం ఖాయం. బండారి జాగ్రత్తగా పొట్లంలో పోసి, చెయ్యి కడుక్కొని తాగుతున్నాను. తాగుతూనే మిగతాది రాస్తాను. రెండు చేతులూ ఉంటే పని వేగంగా సాగుతుంది.

ఇక్కడ మల్లేశం గురించి చెప్పాలి. నా చిన్ననాటి దోస్తు. మా పక్కింట్లోనే జిరాక్స్ సెంటర్ నడుపుతాడు. గుబురు మీసాలు, పెద్ద గొంతు. నేను థియేటర్‌లో విన్న ఆ ఒకే ఒక్క దయ్యం సినిమాకు నన్ను తోలుకుపోయింది వాడే. మొదటి కేకకే నేను వాడి భుజం మీది తువ్వాల గుంజి మొహం మీద కప్పుకున్నాను. ఇంటర్వెల్‌లో కూడా ఇవ్వలేదు.

కంపెనీవాళ్లు రాత్రి కార్యక్రమం కావాలన్నారు గానీ, ఆ సాయంత్రం హాల్లో ఎవరిదో ఊయల ఫంక్షన్ ఉంది. మాకు మధ్యాహ్నమే దొరికింది. వేదిక మీద అప్పటికే పూలతో అలంకరించిన ఊయల, గులాబీ రంగు బెలూన్లు ఉన్నాయి. వాటిని తీయడానికి హాలువాళ్లు ఒప్పుకోలేదు. వాటి మీద నల్లగుడ్డ కప్పారు. ఫ్యాన్ గాలికి ఆ గుడ్డ లేచినప్పుడల్లా బెలూన్ ఒకటి తొంగిచూసేది. నన్ను పెళ్లికొడుకు కూర్చునే ఎర్ర మఖ్మల్ కుర్చీలో కూర్చోబెట్టారు. నల్ల కుర్తా లోపల చెమట కారుతోంది. హాలు నిండిపోయింది. కాలేజీ పిల్లలు, మా వాడకట్టు చేనేత కుటుంబాలు, సాయంత్రం ఫంక్షనుకు ముందుగా వచ్చి ఏం జరుగుతుందో తెలియక కూర్చున్న చుట్టాలు. యూసుఫ్ భాయ్ ఒక పక్కన రికార్డింగ్ బల్ల దగ్గర, కీర్తన మైకు పట్టుకొని నా పక్కన.

ముందు వరసలోంచి ఒక కాలేజీ అమ్మాయి లేచి, "భైరవ్ గారూ, మీకు ఎలాంటి మ్యూజిక్ అంటే ఇష్టం?" అని అడిగింది.

గొంతు బరువు చేసి, "ఒంటరి వయొలిన్" అన్నాను.

మూడో వరసలోంచి నవ్వు వినిపించింది. ఆపుకోబోయి ఆగని నవ్వు. ఆ నవ్వు వెనక మల్లేశం లేచి నిలబడ్డాడు.

"ఏందిరా కనకా, వయొలినా? నువ్వు గది పెడితే తలుపుకు నూనె పొయ్యాల్నని ఇంట్ల ఆగమాగం కాలేదా? పొద్దుగాల లేస్తె జోలపాటలు పెట్టుకొని ఉల్లిగడ్డలు కోసుడే గద నీ పని!"

హాలంతా గొల్లుమంది. నేను కీర్తన ముఖం వైపు చూడలేదు.

"మల్లేశం, కూసో" అన్నాను మెల్లగా. మైకులో అది ఇంకా బాగా వినిపించింది.

"ఎందుకు కూసోవాలె? గీ పిల్లలను ఎందుకు ఉత్తగ బెదిరిస్తున్నవ్? అమ్మా, ఈయన దయ్యం సిన్మా చూడడు. బాత్రూం లైటు బందు చేయనియ్యడు. అర్ధరాత్రి మంచినీళ్లు తాగాల్నంటె ఇంకొకరు తోడు లేవాలె. పుస్తకం పట్టుకున్నడంటె వంకాయ కూర ఎట్ల చెయ్యాల్నని చదువుతడు. గిసొంటోడు భైరవుడట!"

పక్కింట్లో ఉండే దోస్తుకు ఇవన్నీ ఎలా తెలుసని అడగకండి. గోడలు పలుచన.

కీర్తన యూసుఫ్ భాయ్ వైపు చెయ్యి ఎత్తింది. రికార్డింగ్ ఆపెయ్యమన్నట్టు. నా కొలువు ఆ చేతి కింద ఉంది. అంతలో ఆమె హాలు వైపు చూసింది. అందరూ కుర్చీల అంచుకు జరిగి ఉన్నారు. మొదటిసారి ఫోన్లు కిందికి దిగాయి. ఎత్తిన చెయ్యి దించింది. తన కాగితం మడిచి పక్కన పెట్టి, మైకులోనే అడిగింది.

"సర్, మరి ఇంత భయపడే మీరు మమ్మల్ని ఎలా భయపెట్టారు? పోశవ్వ కథ విన్న వారం నేను మధ్యాహ్నాలు ఒక్కదాన్నే ఉండలేకపోయాను."

నేను కుర్తా పై గుండీ విప్పుకున్నాను. నా బదులు మల్లేశమే అందించాడు. అప్పటికి వాడి గొంతులో ఎగతాళి లేదు.

"మగ్గం ముచ్చట చెప్పరాదు. ఎన్నిసార్లు చెప్పినవ్ నాకు."

ఇక్కడ చాయ్ గ్లాసు పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకొని మళ్లీ బండారి పోసుకుంటున్నాను. ఇది మా బాపు, అంటే మా నాన్న సంగతి.

మా బాపు నేతగాడు. ముందరింట్లో గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చొని నేసే గుంట మగ్గం. బడి లేని రోజు అన్నం తిని, ఆ చప్పుడు వింటూ నిద్రపోయేవాణ్ని. నా మొదటి జోలపాట అదే. మధ్యలో దారం తెగితే మగ్గం ఆగిపోతుంది. బాపు ముడి వేసుకునేంత సేపు చప్పుడు ఉండదు. అప్పుడు ఆయన ఒకసారి గొంతు సవరించుకునేవాడు. దగ్గొచ్చి కాదు. నేనిక్కడే ఉన్నా, దారం తెగింది, అంతే అని ఇంట్లోవాళ్లకు చెప్పడం అది. అవ్వ వంటింట్లోంచి అడిగేది కాదు, నేను కళ్లు తెరిచేవాణ్ని కాదు.

ఒక మధ్యాహ్నం మగ్గం ఆగింది. నేను కళ్లు మూసుకొని దగ్గు కోసం చూశాను. రాలేదు. ఇంకాసేపు చూశాను. ఫ్యాన్ లేని ఇంట్లో ఈగ చప్పుడు వినిపించింది. లేచి వెళితే మగ్గం మీద సగం చీర ఉంది, గుంటలో మనిషి లేడు. బాపు మహారాష్ట్రలోని భివండికి బస్సెక్కాడు. అక్కడ మిల్లులో పని దొరికిందట. చెబితే ఏడుస్తానని చెప్పకుండా పోయాడు. దసరాకు వచ్చాడు, మళ్లీ పోయాడు, కొన్నేళ్లకు పూర్తిగా తిరిగొచ్చి సిద్దిపేటలోనే నేసుకున్నాడు. ఆయనకు ఏ ఆపదా రాలేదు. అయినా ఆ మధ్యాహ్నం నాలోంచి పోలేదు. నేను రాసిన ప్రతి దయ్యం ఆ ఖాళీ గుంటలోంచి లేచిందే.

ఇదంతా హాల్లో చెప్పాను. చెబుతుండగా యూసుఫ్ భాయ్ తన ముందున్న మైకును బల్లకు ఆనించి, వేళ్లతో బల్ల మీద కొట్టడం మొదలుపెట్టాడు. నేతింట్లో పుట్టినవాడు కాదు. అయినా నేను చెప్పిన తీరును బట్టి ఆ లయ పట్టుకున్నాడు. స్పీకర్లలో మగ్గం నడిచింది. ఆపాడు. గొంతు సవరించుకున్నాడు. మళ్లీ నడిపించాడు. హాల్లో చేనేత ఇళ్లవాళ్లు చిన్నగా తలలూపారు.

రెండోసారి ఆపాడు. ఈసారి దగ్గలేదు.

మిట్టమధ్యాహ్నం, లైట్లన్నీ వెలుగుతున్నాయి, వేదిక మీద గులాబీ బెలూన్లున్నాయి. అంతమందిలో ఒక్కరూ కదల్లేదు. అప్పుడు ముందు వరసలో ఒక ముసలమ్మ ఉండబట్టలేక, యూసుఫ్ భాయ్ వైపు చెయ్యి చాచి, "దగ్గరాదు బిడ్డా! ఒక్కసారి దగ్గు!" అంది.

అతను దగ్గాడు. హాలు మొత్తం ఊపిరి వదిలిన చప్పుడు రికార్డింగులో ఉంది. ఏ హుక్ రాసినా అంత బాగా రాయలేను.

కార్యక్రమం అయ్యాక కీర్తన నాతో ఎక్కువ మాట్లాడలేదు. కారెక్కుతూ, "సర్, మీ ప్రొఫైల్ నేనే మారుస్తాను" అని మాత్రం అంది. మార్చింది. జోలపాటలు, వంటల పుస్తకాలు, తలుపులెక్కువున్న సినిమాలు, కనకయ్య అనే పేరు, అన్నీ తిరిగి వచ్చాయి. కింది నుంచి లైటు కొట్టిన ఫోటో పోయి, నేను కళ్లు గట్టిగా మూసుకున్న ఫోటో వచ్చింది. ఆ ముఖాముఖిని నవ్వులతో, ముసలమ్మ మాటతో సహా ఒక్క ముక్క కత్తిరించకుండా వదిలింది. పైవాళ్లకు ముందుగా చెప్పి ఒప్పించింది, బెడిసికొడితే బాధ్యత తనదని రాసిచ్చింది. ఈ సంగతి నాకు ఆమె చెప్పలేదు. చాలా రోజుల తర్వాత యూసుఫ్ భాయ్ చెప్పాడు. సోమవారం గీత వచ్చింది. చివరిదాకా బల్లపరుపుగా ఉంది.

సీరియల్ నిలబడింది. బంగ్లాను కూల్చేసి మూడో సీజన్‌ను మగ్గంతో మొదలుపెట్టాను. యూసుఫ్ భాయ్ నిజమైన మగ్గం దగ్గర రోజంతా కూర్చొని చప్పుడు పట్టుకొచ్చాడు. ఆఖరి సీజన్ చివరి భాగంలో పోశవ్వకు తన ఇంటి కడప దొరికింది. ఆమె గడప మీద కూర్చోగానే నేను కొలువులోంచి లేచాను. రిటైర్మెంట్ రోజు కంపెనీవాళ్లు శాలువా కప్పారు. యూసుఫ్ భాయ్ ఇంటి నుంచి ముల్లంగి కూర డబ్బా పంపించాడు. ఏ మెడది అని అడిగితే, "నీదే భాయ్, జరంతల తప్పించుకున్నది గద" అన్నాడు.

ఈ సందర్భం వృత్తిపరంగా నాకు నేర్పింది చిన్నదే. రైటరు దేనికి భయపడతాడో తెలియాలంటే, వాడు దేన్ని గట్టిగా పట్టుకొని నిద్రపోతాడో అడగాలి. ఇష్టమైనవాటి జాబితాను ఇంకొకరు తయారుచేసిస్తే, ఆ చేతి నుంచి వచ్చే భయం కూడా అరువుదే అవుతుంది. వినేవాళ్లు దాన్ని తొలి నిమిషాల్లోనే పోల్చుకుంటారు. షో హెడ్‌లకు ఒక సూచన: రైటరు జోలపాటలంటే ఇష్టమని చెప్పినప్పుడు మాట మార్చకుండా, ఎందుకని ఇంకో ప్రశ్న అడగండి. కీర్తన ఆ ప్రశ్న ఆలస్యంగా అడిగింది. అయినా అడిగింది. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

అచ్చుకు పంపేముందు ఇదంతా అరుణకు చదవడానికిచ్చాను. అద్దాలు పెట్టుకొని నిదానంగా చదివింది.

"గీ మల్లేశం ఎవడు?"

"పక్కింటి జిరాక్స్ సెంటర్."

"మన పక్కింట్ల ఉన్నది పిండి గిర్ని గదయ్యా. నేను హాల్ల లేసి మాట్లాడిన మాటలన్నీ వానికెందుకు పెట్టినవ్?"

"నువ్వు హాల్ల లేసిన ముచ్చట అచ్చుల రావద్దన్నవ్ గద!"

"రావద్దన్న. మొగోన్ని చెయ్యమన్ననా? మీసాలు గుడ పెట్టినవ్!"

కాబట్టి చెప్పక తప్పడం లేదు. చాయ్ కోసం చెయ్యి కడుక్కున్న దగ్గర్నుంచి, మళ్లీ బండారి పోసుకున్న దగ్గరిదాకా మల్లేశం అనేవాడు ఎక్కడ కనిపించినా అది నా కల్పన. ఊయల, బెలూన్లు, ఎర్ర కుర్చీ, కీర్తన దించిన చెయ్యి, అన్నీ నిజం. ముసలమ్మ నిజం. మల్లేశం మాత్రం లేడు. రానని చెప్పిన అరుణ, నేను పోయాక వెనకే వచ్చి మూడో వరసలో కూర్చుంది. నవ్వు ఆపుకోలేక లేచింది. తర్వాత, నేను గుండీ విప్పుకుంటూ కూర్చుంటే, మగ్గం ముచ్చట చెప్పమన్నదీ ఆమే. నాలాగా చివరి పేజీ ముందు చదివే అలవాటున్నవాళ్లకు ఇది మొదటే తెలిసిపోయి ఉంటుంది.

ఇంకొకటి కూడా సరిచేయాలి. బండారి చేతిలోనే ఉంది. ఆ దయ్యం సినిమాకు నేనూ అరుణా పోయింది పెళ్లయిన కొత్తలో. నేను మొహం మీదికి గుంజుకున్నది తువ్వాల కాదు. మా బాపు కొత్త కోడలి కోసం నేసిన గొల్లభామ చీర కొంగు. సినిమా మొత్తం దాని చాటునే విన్నాను.